దండేల మీద చొక్కాలు

మూతపడిన రాళ్ళ క్వారీ పక్కన ఒక చిన్న ఊరు. మధ్యాహ్నం. వీధిలో ఒక ముసలాయన, ఇప్పుడే కారు దిగిన ఒకామె.

“మళ్ళీ అదే అడుగుతారేంటి మేడం? చెప్పాగా, ఊళ్ళో జనం ఉన్నారని.”

“ఉంటే కనపడరేం?”

“పనికెళ్ళారు.”

“ఏం పని? క్వారీ మూతపడి ఎన్నేళ్ళయింది పెద్దాయనా?”

“రాయి అయిపోయింది, నిజమే. ముందు బస్సు మానేశారు. తర్వాత బడి ఎత్తేశారు. ఆ తర్వాత డాక్టరూ పోయాడు. అంతమాత్రాన ఊరు చచ్చిపోతుందా?”

“చావలేదని చూపించమనే అంటున్నా. ఒక్కరిని పిలవండి.”

“సాయంత్రం రండి, పిలుస్తా.”

“కాకమ్మ కబుర్లు చెప్పకండి. సాయంత్రమూ మీరొక్కరే ఉంటారు.”

“ఒక్కడినా? అటు చూడండి, ఇంటింటికీ దండెం నిండా బట్టలు. దయ్యాలు ఆరేసుకున్నాయా?”

“చూశాను. అన్నీ మగవాళ్ళ చొక్కాలే.”

“ఆడవాళ్ళు... వాళ్ళవి లోపల ఆరేసుకుంటారు. సిగ్గు.”

“అన్నీ ఒకే కొలత.”

“ఒకే ఊరివాళ్ళం, ఒకే తిండి.”

“అన్నిటికీ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి కుట్టేసి ఉంది.”

“మీ కళ్ళు మంచివే.”

“మీ ఎడమ చెయ్యీ మోచేతి వరకే ఉంది.”

“క్వారీ మిషన్లో పోయింది. ఇక్కడ చాలామందికి పోయాయి.”

“అందరికీ ఎడమదేనా?”

“మేడం... మీకు దణ్ణం పెడతా, ఒంటి చేత్తోనే అనుకోండి. ఖాళీ ఊరని మాత్రం రాసుకెళ్ళకండి. బుల్డోజర్లు తెచ్చి చదును చేసేస్తారు. మా ఆవిడ కన్నుమూసింది ఆ ఇంట్లోనే. అది వదిలి నేనెక్కడికి పోను?”

“అందుకని ఊరంతా తిరిగి ఆరేస్తారా?”

“రోజూ తడిపి మరీ ఆరేస్తా. ఆఫీసరు ఎప్పుడొస్తాడో తెలీదుగా. నలుగురున్నట్టు కనపడాలని. తీరా మీ కంట్లోనే పడ్డా.”

“నాకే ఇంత తేలిగ్గా దొరికిపోతే, రేపు ఆఫీసరొచ్చాక ఏం చేస్తావు బాబాయ్?”

“రేపా? మరి... నువ్వెవరమ్మా?”

“ఆ చేతులు మడిచి కుట్టిన టైలరు కూతుర్ని. కత్తెర పట్రా, మా నాన్న వేసిన కుట్లన్నీ విప్పేద్దాం. తర్వాత, మేం ఊరొదిలి వెళ్తూ నీకిచ్చిన మా ఇంటి తాళం తీద్దువుగాని, నేనిక ఇక్కడే ఉంటాను.”