పెంచలమ్మ కారూ, షోరూమోళ్ళ నిమ్మకాయా

పెంచలమ్మని ఒకామె ఉండాది పొదలకూరు కాడ. నిమ్మతోటల్లో కాయలు కోసి కోసి ఆమె చేతులనిండా ముళ్ళ గీతలే. మొగుడు పొయినాక ఆమె ఏం జేసిందంటే, డ్రైవింగు నేర్చుకోని, బ్యాంకులో అప్పు బెట్టి, నెల్లూరు షోరూములో కొత్త కారు తీసిందంట. షోకుకి గాదు సామీ, బాడుగకి. కిడ్నీలు పొయినోళ్ళని వారానికి రెండుసార్లు నెల్లూరు ఆస్పత్రికి తీసకపొయ్యేది, తీసకొచ్చేది. ఏమ్మే రవణమ్మా, మీ మామని తిప్పింది ఆమే గదా? ఆఁ, ఆమే. కారు తీసిన రోజు ఆ షోరూమోళ్ళ మర్యాద జూడాల! ఎర్ర తివాచీ, కేకు, చక్రాల కింద నిమ్మకాయలు. టై కట్టిన మేనేజరు, కిశోరంట పేరు, ఆయనే సొంతంగా నల్లతాడుకి ఒక నిమ్మకాయా ఏడు మిరపకాయలూ గుచ్చి బండి ముందర జాలీకి కట్టినాడు. పక్కన నిలబడి ఫోటో గూడా దిగినాడు. "మూడేళ్ళు వారంటీ అమ్మా. ఏమొచ్చినా మేం జూసుకుంటాం" అన్నాడంట.

ఎనిమిది నెలలు బాగానే తిరిగింది అనుకో. ఒకరోజు ఏమైందంటే, నడిరోడ్డు మీద ఇంజను ఉడికిపొయ్యి పొగలు కక్కింది. వెనక సీట్లో పేషెంటు. ఆయన్ని ఆటోలో పంపించి, కారుని ట్రాక్టరుకి కట్టి లాగించుకోని షోరూముకి పొయ్యిందంట. వాళ్ళు బానెట్టు లేపి జూసి, లోపలికి పొయ్యి, బయటికొచ్చి, ఫ్యాను ఆగిపొయ్యింది, ఇంజను చెడింది, అరవై వేలవతాది, నువ్వే పెట్టుకోవాల అన్నారంట. అదేందయ్యా, వారంటీ ఉండాది గదా? ఉండాదిగానీ అమ్మా, నీ దిష్టితాడు పోగు ఊడి ఫ్యాన్లో బడింది, బయటి వస్తువుకి వారంటీ రాదు అన్నాడంట కిశోరు. ఈమె బండి ముందరకి పొయ్యి తాడు పట్టుకోని జూసింది. తాడుకి పోగు ఊడలా. ఏడు మిరపకాయలూ ఎండిపొయ్యి ఏడూ ఉండాయి, నిమ్మకాయ రాయిలాగ గట్టిబడి ఉండాది. "ఏ పోగయ్యా ఊడింది? పుట్టినకాణ్ణించి నిమ్మకాయల్లోనే బతికినదాన్ని, నాకా చెప్తావు? అయినా ఈ తాడు కట్టిందెవురు? నువ్వే గదా!" అని ఫోటో దీసి చూపిచ్చిందంట. ఆయనేమన్నాడో తెలుసునా? "కట్టింది మేమే. మర్నాడు తీసెయ్యాల గదమ్మా" అన్నాడంట! నవ్వబాకండి, నిజంగానే అన్నాడంట. దిష్టితాడు మర్నాడు తీసేవోళ్ళని యాడన్నా జూశారా మీరు?

బండి అట్నే పడుండి, బాడుగల్లేక, రెండు నెలల్లో బ్యాంకోళ్ళకి రెండు కంతులు తప్పినాయి. మూడోది తప్పితే బండి లాక్కపోతామని ఫోను. ఇంకొకరైతే ఏడ్చి ఇంటికి పొయ్యుండేవోళ్ళు. ఈమె పొయ్యిందా? పోలా. మంచిరోజు జూసి, కొత్త బండ్లు తీసకపొయ్యే రోజున, పొద్దున్నే పొయ్యి ఆ ఎర్ర తివాచీ మీదనే కుర్చీ ఏసుకోని కూచుందంట. కిశోరొచ్చి, లెయ్యమ్మా, కస్టమర్లొస్తారు అంటే, నేనెవుర్ని మరి అనింది. పోలీసోళ్ళని పిలస్తా అన్నాడు. "పిలువు. వాళ్ళ జీపుకీ నిమ్మకాయ ఉండాది, వాళ్ళనే అడుగుదాం" అనింది.

ఇంతలో కోవూరు కాణ్ణించి మాలకొండయ్యని రొయ్యలగుంటలాయన, పెళ్ళాం బిడ్డలతో దిగినాడు. పెద్ద బండి, తెల్లది. పూజైపొయ్యింది, టెంకాయ కొట్టినారు, కిశోరు నల్లతాడు ఎత్తినాడు. పెంచలమ్మ కూచున్నకాణ్ణించే, "అన్నా, ఆ తాడు కట్టనియ్యబాక. వారంటీ పోద్ది. నాది పొయ్యింది" అని ఫోటో చూపిచ్చి అంతా చెప్పిందంట. మాలకొండయ్య మీసం దువ్వుకోని, "ఏందబ్బయ్యా, కట్టొచ్చునా కట్టగూడదా? ఒకటే మాట చెప్పు" అన్నాడంట. కిశోరు ఎత్తిన తాడు దించినాడు. కట్టొచ్చు అంటే పెంచలమ్మ బండి ఊరకనే చెయ్యాల. కట్టగూడదంటే, దిష్టితాడు లేకుండా ఏ ఆడమనిషి కొత్త బండెక్కుద్ది? మాలకొండయ్య పెళ్ళాం అప్పుడే, "తాడు లేకపోతే నేనెక్కను, ఈ బండే వద్దు" అని బిడ్డని చంకనేసుకోని పక్కకి పొయ్యి నిలబడిందంట. వెనకాల ఇంకో మూడు బండ్లోళ్ళు, వాళ్ళ చుట్టాలు, అందరూ మూగినారు. మాక్కూడా చెప్పు, మాక్కూడా చెప్పు అంటన్నారు.

చివరికి మాలకొండయ్య, "కట్టు. కట్టి, దీనివల్ల ఏమైనా మాదే పూచీ అని కాయితం మీద రాసి ముద్దరెయ్యి. అప్పుడు తాళం తీసుకుంటా" అన్నాడంట. కిశోరు చెమటలు తుడుచుకుంటా రాసిచ్చినాడు. ఆ ముద్దర తడి ఆరకముందే పెంచలమ్మ చెయ్యి జాపి, "అదే నాకూ రాయి. తారీకు మాత్రం నా కారు తీసిన రోజుది ఎయ్యి" అనిందంట. ఒకరికి రాసి ఒకరికి రాయననేదానికి నోరొస్తుందా, అంతమంది ముందర? వారంలో ఇంజను జేసి, తుడిచి, బండి ఊళ్ళోకి తెచ్చిచ్చినారు. దమ్మిడీ తీసుకోలా.

ఇప్పుడా షోరూములో నిమ్మకాయలు కట్టడం మానేశారా అంటే, మానలా. కడతన్నారు. కాకపోతే వెనక డిక్కీకి కడతన్నారంట. ముందర నించొచ్చే దిష్టికి పూచీ ఎవురిదో, మీరు బండి తీసినప్పుడు అడగండి. పెంచలమ్మ పేరు మాత్రం జెప్పబాకండి, ఆ పేరింటే వాళ్ళు టీ గూడా పొయ్యరు.