తాళం వేసినవాడు

హలో… ఆ, అక్కనే. చెప్పరా… ఉద్యోగం పోయిందా? ఎప్పుడు?… ఇంకా పోలేదా? మరి ఏడుపెందుకు?… ఓహో. పోబోతోందని ముందుగానే.

ఎక్కడున్నావ్?… బారు దగ్గరా! లోపలా, బయటా?… మెట్ల మీద. సరే, మెట్లు బయట కిందే లెక్క.

…ఆ. లిఫ్టు రిపేరుకి వెళ్ళావు. కరెంటు ఆపి, మెయిన్ స్విచ్చుకి నీ తాళం వేశావు… పని అయిందా?… అయింది. తాళం తీయడమే మిగిలింది. తాళంచెవి?… నీ జేబులోనా!

…తెలుసురా. మీ బావ బతికినంతకాలం ఆ పనే చేశాడు, నాకు తెలీదూ? వేసినవాడే తీయాలి, చెవి ఇంకొకరి చేతికివ్వకూడదు. లోపల చెయ్యి పెట్టినవాడి ప్రాణం కోసం పెట్టుకున్న పద్ధతి అది. నువ్వు జేబులో వేసుకుని బారుకి పోవడానికి కాదు.

…ఎవరు చేస్తున్నారు ఫోన్?… ఆరో అంతస్తు పెద్దాయన కూతురా… ఆయనది చక్రాల కుర్చీ… ఇవాళ డయాలసిస్సా! మరి ఎత్తావా?… ఎత్తలేదు. నాకు చేశావు.

…ఆపు. నాన్న బెల్టు సంగతి నాకు చెప్పకు. ఆ బెల్టుకి మనిద్దరి వీపులూ తెలుసు. మా క్లాసులో హోంవర్కు రాయనివాడు కూడా తాతయ్యని ఏడాదికోసారే చంపుతాడు. నువ్వు పోయిన నాన్నని వారానికోసారి లేపుతున్నావు.

…తాగుడు మన రక్తంలోనే ఉందా? ఆ రక్తమే నాకూ వచ్చిందిగా. సుద్దపొడి తప్ప ఏదీ అంటుకోలేదే!

…కథల్లోనా? నిజమే. కథల్లో తాగేవాడి వెనక ఏదో గాయం ఉంటుంది. చదివి నేనూ జాలిపడ్డాను. కానీ కథలో ఆరో అంతస్తులో ఎవరూ కూర్చుని ఉండరురా. ఉన్నా, వాళ్ళ గురించి రాయరు.

…ఏమిటీ? బావ పోయాకే మళ్ళీ మొదలైందా?



 

పోయింది నా మొగుడురా. ఆ లెక్కన సీసా నేను పట్టాలి. నేను పొద్దున్నే లేచి పిల్లలకి భిన్నాలు చెప్పి వస్తున్నాను… గొప్ప కాదు. ఇంట్లో ఉండలేక.

…నేను రావాలా? వచ్చి, తాళంచెవి పట్టుకెళ్ళి, "మా తమ్ముడికి జ్వరమండీ" అనాలా? మీ బావ అలాగే అనేవాడు. ఆయన చెప్పిన జ్వరాలన్నీ నిజంగా వచ్చుంటే ఈపాటికి నువ్వే ముందు పోయేవాడివి.

…రాను… కోపం కాదురా. చెవి నాకిస్తే పద్ధతి తప్పుతుంది. నీ దగ్గర మిగిలిన పద్ధతి అదొక్కటే.

…ఒక్క గ్లాసా? ధైర్యానికా? గ్లాసు పడ్డాక నువ్వు ధైర్యంగా చేసే పని ఇంకో గ్లాసు అడగడమే.

…మళ్ళీ ఆవిడేనా? ఎత్తు. నన్ను వదిలేసి అదెత్తు… ఏం చెప్పాలా? "తాళం నేనే వేశాను, నేనే వస్తున్నాను" అను. నాన్న, బావ, రక్తం, ఏవీ వద్దు. ఆ రెండు ముక్కలు చాలు…

ఆ చప్పుడేంటి? తలుపా?… లేచావా? ఎటు?… ఎటురా?

హలో?… హలో?

పెట్టేశాడు.

ఆవిడ ఫోన్ ఎత్తాడో, బారు లోపలికే వెళ్ళాడో…

ఆ పెద్దాయన ఇంకా కిందికి దిగలేదు.