ఊసరవెల్లికి ఎండ

హాంబర్గ్‌లో వారం రోజులుగా ఎండ లేదు. పెంపుడు ఊసరవెల్లుల సామాను అమ్మే కొట్టులోకి, భర్త పోయి నెల తిరగని ఒకావిడ గొడుగు ముడుస్తూ వచ్చింది.

“దీపానికి టైమర్ ఒకటి ఇవ్వండి.”

“ముందు మీ ఊసరవెల్లి సంగతి చెప్పండి. నల్లబడిందా?”

“లేదు. నేను చూసేసరికి దీపం కింద పచ్చగానే ఉంటుంది.”

“అయితే వేడి సరిపోతోంది. దీపం కింద కొమ్మ దగ్గర చెయ్యి పెట్టి చూశారా? మీకు చురుక్కుమంటే దాని వీపు కాలినట్టే.”

“అదంతా యోర్న్ చూసుకునేవాడు. నేను దాని గదిలోకే పెద్దగా వెళ్లను.”

“టైమర్ కొనమని ఎన్నిసార్లు చెప్పానో మీ ఆయనకి. మొండిమనిషి. జ్వరమొచ్చినా ఏడింటికి లేచి తనే స్విచ్ వేసేవారు.”

“అవును.”

“ఇప్పుడా పని మీ మీద పడిందన్నమాట. ఈ చలిలో లేవాలంటే కష్టమే.”

“నేను ఎనిమిదిన్నరకి గానీ లేవను.”

“మరి దీపం ఎవరు వేస్తున్నారు? ఇంట్లో ఇంకెవరున్నారు?”

“నేనూ, అదీ. ఏడింటికి స్విచ్ చప్పుడు పక్కగదిలోంచి రోజూ వినబడుతోంది.”

కొట్టతని చెయ్యి టైమర్ డబ్బా మీదే ఆగిపోయింది.

“ఇవ్వండి. యోర్న్‌ని ఇకనైనా పడుకోనివ్వాలి.”