చర్చి గోడలో కన్నం

దొరల కాలం నాటి చర్చికి సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీని, చూడవచ్చినవాళ్లకు దాని చరిత్ర చెప్పే ముసలి కాపలాదారు గోడ దగ్గరే ఆపాడు.

“ఆ కన్నం జోలికి వెళ్లకు మేస్త్రీ. యుద్ధంలో ఫిరంగి గుండు తగిలిన చోటది.”

“ఎవరు చెప్పారు తాతా?”

“నేనే. ముప్పై ఏళ్లుగా అందరికీ చెబుతున్నా.”

“అది మా నాన్న పరంజా కర్ర దూర్చిన కన్నం. పనయ్యాక పూడ్చడం మర్చిపోయి, చచ్చేదాకా సిగ్గుపడ్డాడు. నేను పూడుస్తానని ఒట్టేశాను.”

“మెల్లగా అనరా బాబూ! పూడ్చేస్తే జనానికి నేనేం చూపించను?”

“నా పరంజాకి పక్కనే ఇంకోటి కొడతాగా. దాన్ని పూడ్చకుండా వదిలేస్తాలే.”

“అయితే కాస్త పెద్దదే కొట్టు. ఇంత చిన్న గుండేమిటని అందరూ పెదవి విరుస్తున్నారు.”