పురుడు పోసిన చేతికి

ముట్టనివ్వడం లేదని నా మీద కేకలేస్తే నేనేం చేసేదండీ, సిస్టరుగారూ? నా మనవరాలే, కాదనను. ఒళ్ళు దానిది కదా! పొద్దున కాన్పయిందా, ఇంకా రక్తం కారుతూనే ఉంది. మీరు చూడాలని నాకూ తెలుసు. మీ అలికిడయితే చాలు, బిడ్డను కరుచుకుని గోడవైపు తిరిగిపోతోంది.

ఏంటీ, ఇష్టం లేకపోతే తీసుకుపొమ్మంటారా? మొగల్తూరు అవతల మా ఊరు. ఆ గోతుల్లో, ఆటోలో, ఈ పిల్లనా?

ఒక్క నిమిషం ఆగండి. నిజమే, మీకు ఊపిరాడని పని. కళ్ళారా చూశాను.

కానీ హారతి చెంప మీద మీ వేళ్ళు తేలాయండి. వరండాలోకి వినబడింది ఆ దెబ్బ. దాని వెనకే మీ మాట. "మొగుడి పక్కలో లేని ఏడుపు ఇప్పుడెందుకే?" అని. ఆ మొగుడు నా పక్కనే ఉన్నాడు. పాపం, అశోక్ తలెత్తలేదు. నొప్పులు పడే పిల్లని ఆ మాట ఎలా అనబుద్ధయిందా అని అప్పట్నించీ ఆశ్చర్యపోతూనే ఉన్నాను. మీరూ కన్నారు కదమ్మా?

మీ ఆసుపత్రి గోడ మీద రాసుంది, తల్లీబిడ్డా క్షేమం అని. కూడబలుక్కుని చదివాను. ముసలితనంలో వచ్చిన అక్షరాలు కదా, రాసిందంతా నిజమే అనుకున్నాను.

ఇంతకీ ఎందుకు కొట్టారు? గాజులు తియ్యమంటే చేతులు వెనక్కి దాచుకుందని. మొండిదని. ఆయా చేత పగలగొట్టించారు.

అవి సీమంతం గాజులండీ! పురుడయ్యేదాకా తియ్యకూడదు. అయ్యాక, పురుడు పోసిన మనిషి చేతికి తొడగాలి. మా ఊళ్ళో మంత్రసాని సంపూర్ణమ్మకి ముంజేతి నిండా అవే ఉండేవి. ఇక్కడ పురుడు పోసిందెవరు? మీరే కదా! మీ గాజులే మీకు దక్కాలని దాచుకుందండి ఆ పిచ్చిది. పాలకొల్లులో కొట్టుకొట్టూ తిప్పింది నన్ను, "తీసుకునేవాళ్ళు ముచ్చట పడాలి మామ్మా" అని. "అవి మీవేనండీ" అని లోపల మొత్తుకుంటూనే ఉందట. మీరు నొప్పులకి అరుస్తోందనుకున్నారు.

నవ్వొస్తోందా? నవ్వండి.

క్షమాపణలేం వద్దండి. లోపలికొచ్చినప్పుడు "ఏయ్" అనకుండా, హారతీ అని పిలవండి. ముట్టుకునే ముందు, చూస్తానమ్మా అని ఒక్క మాట చెప్పండి. నేను దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

ఇవిగో, రెండు పగలకుండా మిగిలాయి. మనసులో ఇంత బాధ పెట్టుకుని మళ్ళీ ఇవ్వడమెందుకంటారా? కోపం ఇంటికెళ్ళాక తెచ్చుకుంటానండి, ఆ రక్తం ఆగాక. ఇప్పుడు నాకు కోపం తెచ్చుకునే వీలెక్కడుంది? పిల్ల ప్రాణం మీ చేతిలో ఉంది.

కొట్టిన చెయ్యయితేనేం, ఇటివ్వండి. తొడుగుతాను.