బ్యానర్ మీద తాడిపత్రి

బెల్లంపల్లి మైదానంలో యేసు నాటకానికి పొద్దున్నే స్టేజీ కడుతున్నారు. వ్యాను పక్కకు కట్టిన బ్యానర్ మీద కప్పిన తాడిపత్రి పట్టాను డ్రైవరు విప్పుతున్నాడు. మరియమ్మ వేషం వేసే ఆమె తాడు చుట్టుకుంటోంది.

“అక్కా, నిన్న దీన్ని వానకని కప్పలే.”

“ఎరుకే తమ్మీ. వాన యాడున్నది?”

“మా అత్తగారి ఊరి మీదికెల్లి వచ్చినం గద. యేసు నాటకం బండి నడుపుతున్ననని వాళ్లకు చెప్పలే. ఇసుక లారీ అని చెప్పిన.”

“మూడు నెలల సంది మాతోనే తింటున్నవు.”

“గదే అక్కా, సిగ్గయితుంది. బ్యానర్ల ఉన్నది నీ ఫొటోనాయె. నీ మొఖం మీద నా చేతులతోనే కప్పిన. నువ్వేమో అటు దిక్కు తాడు గుంజి కట్టినవు. గాలికి లేస్తదనుకున్నవా?”

“లేదు. తెల్సే కట్టిన.”

“మరి ఒక్క మాట అనకపోతివి.”

“ఏమంట? రేపు మందమర్రిల మా అన్న ఇంటి ముందటికెల్లే పోవాలె. నేను బడిల వంట చేస్తున్ననని ఆయన అనుకుంటుండు.”

డ్రైవరు పట్టాను మడిచి వ్యాను లోపల పెట్టబోయాడు.

“తాడిపత్రి లోపల పెట్టకు తమ్మీ. చేతికందేటట్టు ఉంచు.”