ఏడో తారీఖు ఆట

పటాన్‌చెరులో ఒక సర్కారు బడి. సెలవు రోజు ఉదయం. ఆటసామాను గదిలో జిల్లా టచ్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు వెంకటేశం, కార్యదర్శి సుమిత్ర. మరునాడు సంఘం వార్షిక సమావేశం.

"…ఇగ మొత్తం ఒక్కసారి చదువు సుమిత్రా. రేపు స్టేజీ మీద తడబడొద్దు."

"మొదటిసంది చదవాల్నా సార్?"

"మొదటిసంది. జెర జల్దీ కానియ్యి."

"'మన జిల్లాలో టచ్ ఫుట్‌బాల్ మొదలై నాలుగేళ్ళు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. ఈ ఆటలో ఎవరినీ కింద పడేయడం ఉండదు. బంతి పట్టుకున్నవాళ్ళను ముట్టుకుంటే చాలు…'"

"మంచిగున్నది. వచ్చిన పెద్దమనుషులకు అర్థమైతది. ఆఁ, తర్వాత?"

"'జనవరిలో కందిలో పది రోజుల శిబిరం. మార్చిలో సంగారెడ్డిలో జిల్లా పోటీలు, ఎనిమిది జట్లు. ఆగస్టులో భానూర్‌లో కొత్త జట్టు. అక్టోబర్‌లో రాష్ట్ర పోటీలు, మన ఆడపిల్లలకు మూడో స్థానం. ఆఖరి ఆటలో కెప్టెన్ పుష్ప…'"

"ఆగినవేంది?"

"ఏం లే సార్. పేజీ తిప్పుతున్న."

"కానియ్యి."

"'…కెప్టెన్ పుష్ప నాలుగుసార్లు గీత దాటి బంతి పెట్టింది.' గంతే. అయిపోయింది."

"డిసెంబర్?"

"డిసెంబర్‌ల ఏమున్నది సార్?"

"డిసెంబర్ ఏడు, ఐతారం. సదాశివపేటల టోర్నమెంట్. రాయి."

"ఏ టోర్నమెంట్?"

"మనదే. కంపెనీల పనిజేసే మన ఆడపిల్లల టీమ్ పోయింది. పద్నాలుగు మంది. రెండు ఆటలు గెలిచిండ్రు."

"ఏడో తారీఖు ఏ ఆట జరగలే సార్."

"జరిగింది."

"సెక్రెటరీని నేను. నాకెరుక లేకుంట జరిగిందా?"

"ఒక్క లైన్ సుమిత్రా. ఒక్క లైన్, కింద పద్నాలుగు పేర్లు. ఎవరు జూస్తరు?"

"ఎవరు జూడకుంటె ఎందుకు రాసుడు?"

"వాదించకు. రాయి."

"ఏడో తారీఖు గా కంపెనీ ఫ్యాక్టరీలనే రియాక్టర్ పేలింది సార్. బీరంగూడల మా ఇంటి కిటికీలు గలగలమన్నయి."

"నాకెరుక లేదా?"

"ఎనిమిది మంది పోయిండ్రు. పుష్ప ఇంకా దొరకలే. ఇరవై దినాలైంది."

"దొరకలేదంటె ఆడ లేదన్నట్టు. కంపెనోళ్ళు గదే అంటున్నరు."

"ఆడ లేకుంటె యాడున్నదట?"

"ఆటకు పోయిందట."

"ఏందీ?"

"టోర్నమెంట్‌కు పోయిందట. డ్యూటీకే రాలేదట. నేనంటలేను, వాళ్ళంటున్నరు."

"ఆ పద్నాలుగు పేర్లల్ల పుష్ప పేరున్నదా సార్?"

"కెప్టెన్ గద. మొదటి పేరే ఆమెది."

"నేను రాయ."

"సుమిత్రా…"

"రాయ సార్. మన టీమ్‌ల పుష్ప ఎట్లాంటిదో మీకెరుకే. ఎదుటోళ్ళ వేలు తాకిందంటె, నేను జూడకున్న, ఈల ఊదకున్న, చెయ్యి లేపి 'అంటిండ్రు మేడమ్' అని తానే బంతి కింద పెట్టేది. గసొంటి పిల్ల మీద నేను అబద్ధం రాయాల్నా?"

"మంచి పిల్లనే. కాదంటున్ననా? పోయినామె ఎట్లనో పోయింది. ఉన్నోళ్ళ సంగతి జూడాలె గద."

"ఇందాక ఆడ లేదంటిరి. ఇప్పుడు పానమే పోయిందంటున్నరు."

"నోరు జారింది."

"జారలే సార్. నిజం వచ్చింది. ఆ పొద్దుగాల ఆరున్నరకు నాకు ఫోన్ జేసింది. 'ప్రాక్టీస్‌కు రాను మేడమ్, డ్యూటీ పడ్డది' అన్నది. 'ఇయ్యాల ప్యాకింగ్‌ల కాదంట, లోపట రియాక్టర్ కాడ నిలబడుమంటున్నరు, మనిషి తక్కువున్నదంట' అన్నది."

"నువ్వేమన్నవ్?"

"నేర్పకుంట గాడికి ఎట్ల పంపుతరు అన్న. నవ్వింది. 'తిప్పుమన్నప్పుడు తిప్పుడు, బంద్ జెయ్యిమన్నప్పుడు బంద్ జేసుడు, గంతేనంట' అన్నది. ఇగ నేను… సరే పో, డ్యూటీ ఇడిసిపెట్టకు అన్న."

"ఈ ముచ్చట ఎవరికన్న జెప్పినవా?"

"లేదు. పొమ్మన్నది నేనే గద సార్. నోరు రాలే. వాళ్ళమ్మ మొఖం ఎట్ల జూడాలె అని గేటు దిక్కు గూడ పోలే."

"చెప్పకు. ఫోన్ వచ్చిందన్నది కంపెనోళ్ళ రికార్డుల ఉంటది. ఏం మాట్లాడిండ్రో ఉండదు."

"గట్లెందుకంటున్నరు?"

"ఊకెనే అన్న."

"ఊకెనే కాదు. నా ఫోన్ సంగతి మీకు ముందే ఎరుకనా?"

"చాయ్ తెస్తనుండు. బయట హోటల్ తీసే ఉన్నది."

"చాయ్ వద్దు, కూసోండ్రి. ప్యాకింగ్ పిల్లను రియాక్టర్ కాడికి పంపింది ఎవరు సార్?"

"ఆనాటి షిఫ్ట్ ఇంఛార్జి."

"ఆయనకు పేరు లేదా?"

"పేరుతోని నీకేం పని?"

"సునీలేనా?"

"రిపోర్ట్ సంగతి జూడు ముందుగాల."

"సార్, మీ కొడుకు సునీలేనా?"

"వాడు పంపలే! పైనుంచి చెప్పిండ్రు. మనిషి లేడు, ఎవరినన్న నిలబెట్టు, బ్యాచ్ ఆగొద్దు అన్నరు. ఎదురుంగ ఆ పిల్ల కనబడ్డది, పొమ్మన్నడు. గంతే. ఇరవై దినాలసంది వాడు అన్నం ముడుతలేడు సుమిత్రా. తలుపు పెట్టుకొని కూసుంటున్నడు."

"పుష్ప వాళ్ళమ్మ ఇరవై దినాలసంది గేటు కాడ కూసున్నది. ఆమె ముడుతున్నదా?"

"వాడు నీకు తమ్ముని లెక్క. మీ ఇద్దరికి బంతి పట్టుడు నేనే నేర్పిన. పదో తరగతిల నీకు బూట్లు లేకుంటె నావి ఇచ్చిన. ముందట గుడ్డలు కుక్కుకొని ఉరికినవ్. యాదున్నదా?"

"యాదున్నది సార్. అందుకే ఇంకా ఈడ కూసున్న. ఇంకొకరైతె ఎప్పుడో లేచిపోతుంటి."

"ఆ పిల్లను నేర్పకుంట నిలబెట్టిండ్రని బయటపడితె ముందుగాల జైలుకు పోయేది వాడే. పైనోళ్ళు కాదు. వాడు."

"అందుకని ఆటే జరిగిందందమా? మిగిలిన పదమూడు మంది పిల్లలు ఒప్పుకోరు సార్. వాళ్ళు నా పిల్లలు."

"ఇగో. జూడు."

"ఏంది ఈ కాయితం?"

"పదమూడు సంతకాలు. 'ఏడో తారీఖు మేము సదాశివపేటలో ఆడినాము, పుష్ప మాతోనే ఉన్నది.'"

"అరుణ గూడ పెట్టిందా?"

"పెట్టింది."

"అరుణ, పుష్ప ఒక్క డబ్బల తినేటోళ్ళు సార్!"

"వాళ్ళ నాయన గా కంపెనీలనే పని జేస్తడు. నిషిత వాళ్ళన్న, రుచిత వాళ్ళ చిన్నాయన, అందరు అండ్లనే. ఒక్కొక్కల్ని ఇంటికాడికి పోయి పిలుచుకొచ్చిండ్రు. ఏం జేస్తరు పిల్లలు?"

"రుచిత సంతకం జూడుండ్రి. పేరు సగంల ఆగిపోయింది."

"ఏడ్సింది. మళ్ళ పెట్టిపిస్తమన్నరు."

"మీరు ఆడనే ఉన్నరా?"

"ఉన్న."

"జూసుకుంట ఉన్నరా?"

"ఉన్ననంటి గద!"

"కింద 'పేజీ ఒకటి' అని ఉన్నది. రెండో పేజీ యాడ?"

"అది కంపెనీ తాననే ఉన్నది."

"దాంట్ల ఏమున్నది?"

"తిరిగొచ్చుడు గురించి. ఆటయినంక ఎవరెట్ల వచ్చిండ్రు, గదంత."

"పుష్ప ఎట్ల వచ్చిందని రాసిండ్రు?"

"నాకు అద్దాలు లేకుండె. సరిగ సదవలే."

"అద్దాలు మీ జేబులనే ఉన్నయి సార్. ఎప్పుడు జూసినా ఉంటయి."

"సుమిత్రా, నా మాటిను. ఈ రిపోర్ట్‌ల ఆ లైన్ రాసి, కింద సంతకం పెట్టు. రేపు చదువు, దిగిపో. ఏడాది పోతె ఎవరికి యాదుండదు. నీ మంచికే జెప్తున్న."

"నేను రేపు చదువుత సార్. డిసెంబర్ గురించే చదువుత. ఏడో తారీఖు ఆట లేదు, మా కెప్టెన్ డ్యూటీల ఉన్నది, ఇంకా దొరకలేదు అని మైకుల చదువుత. కంపెనీ పెద్దలు ముందటి కుర్సీలల్ల కూసుంటరు గద, ఇంటరు."

"వద్దు బిడ్డా."

"ఏం జేస్తరు? సెక్రెటరీ పని తీసేస్తరా? తీసెయ్యుమనుండ్రి. కంపెనీ గ్రౌండ్ ఇయ్యకుంటె బడి గ్రౌండ్‌ల ఆడుకుంటం."

"గ్రౌండ్ సంగతి కాదు. రెండో పేజీ… రెండో పేజీ రెండు తీర్ల టైపు జేసి పెట్టుకున్నరు."

"రెండు తీర్ల?"

"నువ్వు సంతకం పెడితె, పుష్ప బస్సు దిగి తనంతల తాను ఎటో పోయిందని ఉంటది. పెట్టకుంటె ఇంకో తీరుగ ఉంటది."

"ఇంకో తీరంటె?"

"పెట్టు సుమిత్రా. పెన్ను ఇగో."

"ఇంకో తీరంటె ఏందో చెప్పుండ్రి ముందుగాల!"

"పదింటి దాకనే ఆగుతమన్నరు."

"పదిన్నర అయింది సార్."

"అందుకే జల్దీ జల్దీ అంటున్న! నీకు సమజైతలేదు. అసలు… ఎవరది? తలుపు కాడ ఎవరు?"

"నేను సారూ, బీరమ్మను. పుష్ప వాళ్ళమ్మను. మేడమ్ ఉన్నదా లోపట?"

"ఇప్పుడు కాదు బీరమ్మా. పనిల ఉన్నం. మాపటికి రా."

"రానియ్యిండ్రి సార్. రా అమ్మా, కూసో. నేనే రావాల్సింది నీ దగ్గరికి. గేటు కాడికెళ్ళే వస్తున్నవా?"

"ఆఁ బిడ్డా. ఇరవై దినాలసంది ఒక్కడు పలకకపాయె. ఇయ్యాల ఆళ్ళే లోపటికి పిలిచిండ్రు. కుర్సీ ఏసిండ్రు. చాయ్ గూడ ఇచ్చిండ్రు."

"ఏం జెప్పిండ్రు?"

"నా బిడ్డ కాలలేదట మేడమ్! ఆ దినం డ్యూటీలనే లేదట. గా మాట ఇని నా పానం లేచొచ్చింది. ఆడికెళ్ళి నడుసుడు గాదు, ఉరికొచ్చిన."

"అమ్మా, జెర నా మాటిను…"

"ఆటకు పోయిందట. ఆట అయినంక అందరు బస్సెక్కితె, నా పుష్ప ఒక్కతే నీ బండెక్కిందట."

"ఎవరన్నరు గా మాట?"

"కాయితం జూపిచ్చిండ్రు. నాకు సదువొస్తదా? ఆళ్ళే సదివిండ్రు. పదమూడు మంది పిల్లలు కండ్లార జూసినమని పేర్లు రాసిండ్రట. అరుణ గూడ రాసిందట. పొద్దుగాల నీకు ఫోన్ గూడ జేసిందట గదా నా బిడ్డ?"

"ఫోన్ జేసింది. కని…"

"జేసిందా? మరి నిజమే! నాకు కోపమేం లేదు మేడమ్. ఎవలతోనన్న పోయిందా? పోతె పోనీ. బతికుంటె చాలు. నేనేం అన, ఊర్ల గూడ ఎవలకు జెప్ప. యాడ దింపినవో గంత జెప్పు. నడిచన్న పోత."

"అమ్మా, ఇటు జూడు. నా చెయ్యి ఇడిసిపెట్టకు, ఇను. ఏడో తారీఖు ఆటనే లేదు. నేను బండి తియ్యలే, ఫోన్ వచ్చినంక జ్వరమొచ్చి, ప్రాక్టీస్ గూడ బంద్ జేసి ఇంట్లనే పండుకున్న. పుష్ప డ్యూటీకే పోయింది. సారుకు అంత ఎరుకే. సార్, చెప్పుండ్రి."

"నేను…"

"సార్! ఆమె మొఖం జూసి చెప్పుండ్రి!"

"నాకేం ఎరుక సుమిత్రా. నేను ఆ దినం ఊర్లనే లేను."

"సార్…"

"'ఆటనే లేదంటది సూడు' అని ఆళ్ళు ముందుగాలనే జెప్పిండ్రు బిడ్డా."